అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు: అపోహలు, వాస్తవాలు

రోడ్డు పనుల్లో ఉన్నవాళ్లను పెళ్లిళ్లలో కూడా వదలరు, ఈ రోడ్డు గురించి ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. అందుకే ఇక్కడ రాసేస్తున్నా.

అపోహ: నాలుగు వరసలుంది, నేషనల్ హైవేనే.

కాదండీ, ఇది స్టేట్ హైవే, నంబరు 2. కిలోమీటరు రాయి తల పసుపైతే నేషనల్, ఆకుపచ్చైతే స్టేట్. నార్కట్‌పల్లిలో విజయవాడ హైవే నుంచి చీలి నల్గొండ, మిర్యాలగూడ, వాడపల్లి, దాచేపల్లి, పిడుగురాళ్ల, నరసరావుపేట, సంతమాగులూరు, అద్దంకి మీదుగా మేదరమెట్లలో చెన్నై హైవేను కలుస్తుంది. మొత్తం 212 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఒంగోలు, నెల్లూరు పోయేవాళ్లకు విజయవాడ తిరగకుండా 70, 80 కిలోమీటర్లు కలిసొస్తాయి. ఇంకో మాట, 2025లో 3,000 రూపాయలకు మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాస్ స్టేట్ హైవే టోల్‌గేట్లలో చెల్లదు, అక్కడ గొడవపడి లాభం లేదు.

అపోహ: టోల్ వసూలు చేసే కంపెనీ వచ్చాకే ఈ రోడ్డు పుట్టింది.

ఉన్న రెండు వరసల రోడ్డునే బీఓటీ కింద, అంటే కంపెనీ తన డబ్బుతో కట్టి, కొన్నేళ్లు టోల్ వసూలు చేసుకుని, తర్వాత ప్రభుత్వానికి అప్పగించే పద్ధతిలో, వెడల్పు చేశారు. ఒకప్పుడు కృష్ణకు ఇటు వాడపల్లి నిజాం రాజ్యం, అటు పొందుగుల మద్రాసు ప్రెసిడెన్సీ. 1956 నవంబరు 1న రెండు ఒడ్లూ ఒకే రాష్ట్రంలోకి వచ్చాయి, 2014 జూన్ 2న మళ్లీ సరిహద్దు పడింది. 2020 లాక్‌డౌన్ మొదట్లో ఆ రెండు ఊళ్ల మధ్య కృష్ణ మీదున్న బ్రిడ్జి దగ్గర జనం ఎలా ఇరుక్కుపోయారో టీవీల్లో చూసే ఉంటారు.

అపోహ: రోడ్డు పాడైందంటే కాంట్రాక్టరు తారు మింగాడు.

మింగేవాళ్లు లేరని నేనెందుకంటాను, ఉన్నారు. కానీ పిడుగురాళ్ల, దాచేపల్లి చుట్టుపక్కల ఓసారి బండి పక్కకు ఆపి, సిమెంటు, సున్నం లారీలు లోడుతో వెళ్లే వైపూ ఖాళీగా తిరిగొచ్చే వైపూ పోల్చి చూడండి. లోడు వైపు ఎడమ వరసలో చక్రాల దారి వెంట రెండు పొడవాటి గాడులు పడి ఉంటాయి, వానొస్తే వాటిలోనే నీళ్లు నిలుస్తాయి, అవతలి వైపు అదే తారు, అదే కంకర, చెక్కుచెదరదు. నాలుగు టైర్ల ఇరుసుకు చట్టం ఒప్పుకునేది 11.5 టన్నులు. దాని మీద ఐదో వంతు ఎక్కువ వేస్తే రోడ్డుకు జరిగే నష్టం ఐదో వంతు పెరగదు, రెట్టింపవుతుంది, ఎందుకంటే నష్టం బరువుకు నాలుగో ఘాతంలో పెరుగుతుంది, 1.2 × 1.2 × 1.2 × 1.2 వేసి చూడండి, రెండు దాటుతుంది. ఈ లెక్క చెప్తే లారీ ఓనర్లు నవ్వుతారు.

నల్లరేగడి ఉన్న చోట్ల ఇంకో తలనొప్పి. నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంగుతుంది, పైన ఎంత మందం తారు పోసినా కారు పడవలా ఊగుతుంది. దానికి మందు తారు కాదు, నీళ్లు కిందికి దిగకుండా పక్క కాలువ బాగుండటం. ఆ కాలువను పూడ్చి ముందు హోటల్ షెడ్డు వేస్తారు, ఆగస్టులో నీళ్లు నిలిచాయని మాకే ఫోన్ చేస్తారు!