కబురు అందినా కదలని సైన్యం

టాన్సిలైటిస్, అపెండిసైటిస్... ఒంట్లో ఎక్కడైనా వాచి మంట పుడితే వైద్యులు ఆ భాగం పేరు చివర 'ఐటిస్' తగిలిస్తారు. యోనిలో మంచి బ్యాక్టీరియా తగ్గి వేరే రకాలు పెరిగిపోతే మాత్రం బ్యాక్టీరియల్ వెజైనోసిస్ అంటారు. 'ఐటిస్' ఎందుకు కాలేదో మైక్రోస్కోప్‌లో చూస్తే అర్థమవుతుంది. బ్యాక్టీరియా గుంపులు గుంపులుగా ఉంటుంది, దాని మీద పడాల్సిన తెల్ల రక్తకణాలు మాత్రం పెద్దగా కనబడవు.

మామూలుగా అక్కడ ల్యాక్టోబాసిల్లస్‌లు అనే ఆ మంచి బ్యాక్టీరియాలదే రాజ్యం. గర్భం వచ్చాక ఈస్ట్రోజెన్ పెరిగి, యోని గోడ కణాల్లో గ్లైకోజెన్ బాగా చేరుతుంది. దాన్ని వాడుకుని ఇవి ల్యాక్టిక్ ఆమ్లం తయారుచేస్తాయి, పీహెచ్‌ను 4.5 కన్నా కింద ఉంచుతాయి. ఆ పులుపులో చాలా క్రిములు పెరగలేవు. ల్యాక్టోబాసిల్లస్‌లు తగ్గాయంటే గార్డ్‌నెరెల్లా, ప్రివోటెల్లా లాంటివి చోటు చేసుకుంటాయి. కొందరికి పల్చటి తెల్లబట్ట, చేపల వాసన ఉంటాయి. చాలామందికి ఏమీ తెలియదు.

మరి శరీరానికీ తెలియదా? తెలుస్తుంది. యోని ద్రవంలో ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే ప్రమాద సంకేతం బాగానే పెరుగుతుంది. ఆ కబురు అందగానే ఇంటర్‌ల్యూకిన్-8 కూడా పెరిగి, న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలను అక్కడికి పిలవాలి. చిత్రమేమిటంటే, ఈ రెండో మెట్టు దగ్గరే వ్యవహారం ఆగిపోతుంది. ఇంటర్‌ల్యూకిన్-8 ఆ స్థాయిలో పెరగదు.

అనుమానం బ్యాక్టీరియా మీదే. వీటిలో కొన్ని సియాలిడేజ్ అనే ఎంజైమ్‌ను వదులుతాయి. అది గోడను కాపాడే జిగురు పొరనే కాదు, ఐజీఏ యాంటీబాడీలనూ దెబ్బతీస్తుంది. గార్డ్‌నెరెల్లా విషానికి ఎదురుగా తయారయ్యే ఐజీఏ, సియాలిడేజ్ ఎక్కువున్న స్త్రీలలో తక్కువగా కనిపించింది. దాడి చేసేవాళ్లే కాపలావాళ్ల ఆయుధాలు విరగ్గొడుతున్నారన్నమాట.

కింద ఇంత నిశ్శబ్దంగా ఉన్న వ్యవహారం పైకి పాకితే మారిపోతుంది. బ్యాక్టీరియా గర్భాశయ ముఖద్వారం దాటి ఉమ్మనీటి సంచి పొరల్ని చేరితే అక్కడ ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట) గట్టిగానే వస్తుంది. ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు పెరిగి నొప్పులు మొదలవుతాయి, పొరలు బలహీనపడతాయి. 37 వారాలు నిండకముందే కాన్పు అయ్యే ముప్పు ఈ సమస్య ఉన్నవారిలో దాదాపు రెట్టింపు. అయినా వారిలో ఎక్కువమంది నెలలు నిండాకే కంటారు, కాబట్టి రిపోర్టు చూసి టెన్షన్ పడిపోనక్కర్లేదు. తేడా కొంత తల్లి స్పందనలోనే ఉండొచ్చు. 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఈ సమస్యతో పాటు ఇన్‌ఫ్లమేషన్‌ను రేపే టీఎన్‌ఎఫ్ ఆల్ఫా అనే ప్రోటీన్ జన్యువులో ఒక ప్రత్యేక రూపం కూడా ఉన్న స్త్రీలకు ముందస్తు కాన్పులు బాగా ఎక్కువగా జరిగాయి.

బ్యాక్టీరియాను చంపేస్తే సరిపోదా అని ఎవరికైనా అనిపిస్తుంది. అమెరికాలో ఈ సమస్య ఉన్నా లక్షణాలు లేని 1,953 మంది గర్భిణులతో ఆ ప్రయత్నమూ చేశారు. 2000లో ఫలితాలొచ్చాయి: మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ వాడినవారిలో ముందస్తు కాన్పులు 12.2 శాతం, ఉత్తుత్తి మాత్రలు వాడినవారిలో 12.5. లక్షణాలుంటే వైద్యం చేస్తారు, అది వేరే సంగతి.

నాకు ఆ ప్రయోగంలో మరో అంకె మీదే కన్నుంది. ఉత్తుత్తి మాత్రలు మింగినవారిలోనూ దాదాపు 37 శాతం మందికి ఆ సమస్య దానంతటదే తగ్గిపోయింది.