మిరప ఏరే నెలలో జనాభా లెక్కలు

సంక్రాంతి దాటాక మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. ఇక్కడి తెలుగు కుటుంబాలు గోదావరి వంతెన దాటి తెలంగాణలో మిరపకాయ ఏరడానికి పోతాయి. పిల్లలు, ముసలివాళ్లు ఇంటి దగ్గర, మిగతావాళ్లంతా చేనుగట్టు మీద గుడిసెల్లో. జనాభా లెక్కలు జరిగేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే. 2011లో ఎన్యూమరేటర్లు ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఇల్లిల్లూ తిరిగారు. 2021లో జరగాల్సినది కోవిడ్‌తో ఆగిపోయింది, ఇప్పుడు 2027 మార్చి 1 నాటికి దేశంలో ఎంతమంది ఉన్నారో లెక్క తీయబోతున్నారు.

తలలు లెక్కపెట్టడం ఒక ఎత్తు, ఎవరు పనిచేస్తున్నారో తేల్చడం ఇంకో ఎత్తు. నెల జీతం వచ్చే గుమాస్తా విషయంలో పేచీ లేదు. ఈ తాలూకాలో అలాంటివాళ్లు ఎందరు?

ఒకావిడ ఏడాది ఇలా గడిచిందనుకుందాం. వానాకాలం నాట్లు, కలుపు కలిసి నలభై రోజులు. దసరా తర్వాత పత్తి ఏరుడు యాభై రోజులు. మిరప నలభై అయిదు రోజులు. మే నెలలో తునికాకు సేకరణ మరో పదిహేను. మొత్తం నూట యాభై రోజులు. ఆమెకు ‘ఉద్యోగం’ ఉందా అని అడిగితే నవ్వుతుంది. జనాభా లెక్కల ఫారం ఆ మాట అడగదు కూడా. గడిచిన ఏడాదిలో ఎప్పుడైనా పని చేశారా అని అడుగుతుంది. పని అంటే ఆర్థికంగా ఏదైనా ఉత్పత్తి చేసే పని. దానికి కూలి ముట్టిందా లేదా అన్నది అనవసరం. సొంత చేలో, ఇంటి దుకాణంలో జీతం లేకుండా చేసినా పనే.

ఆరు నెలలు, అంతకు మించి పనిచేసినవారు ప్రధాన కార్మికులు. అంతకంటే తక్కువైతే ఉపాంత కార్మికులు. 2011లో ఈ ఉపాంత కార్మికులను మళ్లీ మూడు నెలల లోపు, మూడు నుంచి ఆరు నెలల మధ్య అని విడదీశారు. కాబట్టి నూట యాభై రోజుల మన మనిషి ఉపాంత కార్మికురాలు.

ఇప్పుడు ఆమె ఇంట్లో ఒక బర్రె ఉందనుకోండి. ఈ లెక్కలో వంట చేయడం పని కాదు, పిల్లల్ని చూసుకోవడం పని కాదు, కానీ పాల ఉత్పత్తి మాత్రం, ఆ పాలు ఇంట్లోకే వాడుకున్నా సరే, పని కింద లెక్క. ఊళ్లో ఉన్న రోజుల్లో బర్రెకు మేత వేసి పాలు పితికిన రోజులు కూడా కలిపితే లెక్క సులువుగా ఆరు నెలలు దాటుతుంది, ఆమె ప్రధాన కార్మికురాలైపోతుంది. ఇందులో తమాషా మాత్రమే కాదు, చిక్కు కూడా ఉంది. 2011లో ‘పని వెతుక్కుంటున్నారా, దొరికితే చేస్తారా’ అన్న ప్రశ్న వేసింది ఉపాంత కార్మికులకు, ఏ పనీ చేయనివారికి మాత్రమే. ప్రధాన కార్మికులను ఆ మాట అడగలేదు. ఏడాదిలో సగం రోజులు కూలి దొరక్క కూర్చున్న మనిషి, బర్రె పుణ్యాన, పని కావాలని చెప్పుకునే అవకాశం పోగొట్టుకుంటుంది. పాల పనిని లెక్కలోకి తీసుకోవడం న్యాయమే. దాన్నీ కూలి రోజుల్నీ ఒకే ఆరు నెలల గీతతో కొలవడం దగ్గరే నాకు అభ్యంతరం.

కాగితం మీద ఇంత వివరం ఉన్నా, గుమ్మం దగ్గర జరిగేది వేరు. లెక్క రాసుకోవడానికి వచ్చేది చాలాసార్లు మరాఠీ బడి గురూజీ, అంటే టీచరు. జవాబు చెప్పేది ఇంటాయన. “మా ఇంటిది ఏం పని చేయదు గురూజీ, ఇంట్లనే ఉంటది” అంటాడు. అబద్ధం చెప్పాలని కాదు, ఆయన దృష్టిలో అది అంతే. గురూజీ ఇంకో మాట అడగకుండా రాసుకుంటే ఆ నూట యాభై రోజులూ మాయం. నిరుడు మిరప ఏరడానికి పోయిందా, నాట్లేసిందా, బర్రె ఎవరు చూస్తారు అని విడివిడిగా అడిగితే అదే నోటితో అదే మనిషి అవునంటాడు.

ఇది ఒక్క సిరొంచలోనే వచ్చే సమస్య కాదు. 1961లో నిర్వచనం ఉదారంగా ఉండేది. సీజన్‌లో ఎక్కువ భాగం రోజుకు గంటకు పైగా పనిచేసినా కార్మికులే. 1971లో ప్రతి మనిషినీ ముందుగా ‘ముఖ్యమైన వ్యాపకం’ ఏదని అడిగారు. ఆడవాళ్లు, లేదా వాళ్ల తరఫున మగవాళ్లు, ఇంటిపని అన్నారు. దేశంలో పనిచేసే మహిళల శాతం పదేళ్లలో దాదాపు సగానికి పడిపోయింది. ఆ పదేళ్లలో చేలల్లో నాట్లేసే ఆడవాళ్లు సగం మంది మానేశారా? లేదు, ప్రశ్న మారింది. 1981లో దాన్ని సరిదిద్దుతూ, ముందు అసలు ఏడాదిలో ఎప్పుడైనా పని చేశారా అని అడిగి, ఆ తర్వాతే ప్రధాన, ఉపాంత అని విడదీయడం మొదలుపెట్టారు. 1991లో ‘సొంత పొలంలో, కుటుంబ వ్యాపారంలో జీతం లేని పనితో సహా’ అన్న మాటల్ని ప్రశ్నలోనే చేర్చారు.

2011 లెక్కల ప్రకారం దేశంలో కార్మికులు 48 కోట్ల పైచిలుకు. వారిలో సుమారు 12 కోట్ల మంది ఉపాంత కార్మికులు. మగవారిలో 53.3 శాతం, ఆడవారిలో 25.5 శాతం పనిచేస్తున్నట్టు తేలింది. వ్యవసాయ కూలీలు 14.4 కోట్లు, సాగుదారులు 11.9 కోట్లు. కౌలుకు చేసేవాడు సాగుదారే, ఎందుకంటే పంట పోతే నష్టం అతనిది. ఆ నష్టంతో సంబంధం లేకుండా కూలికి పోయేవాడు వ్యవసాయ కూలీ. ఇంట్లో బీడీలు చుట్టేవారు గృహ పరిశ్రమ కిందికి వస్తారు. మిగతావారంతా ‘ఇతరులు’.

అలాగే, ఇళ్ల అద్దెల మీద, వడ్డీల మీద హాయిగా బతికేవాళ్లను, ఇంటెడు చాకిరీ చేసే గృహిణిని ఈ లెక్క ఒకే గాటన కట్టేస్తుంది. కోడ్ వేరు కావచ్చు, ఇద్దరూ ‘పని చేయనివారే’.

ఏ ఊరి లెక్కలో రాస్తారన్నది మరో ప్రశ్న. 2011 నియమం ప్రకారం, ఆ ఇరవై రోజులూ ఇంటికి రాకుండా బయటే ఉన్న మనిషిని దొరికిన చోటే రాసుకోవాలి. మధ్యలో కొన్నాళ్లయినా ఇంట్లో ఉంటే సొంతూరి లెక్కలోనే. అంటే పక్కపక్క ఇళ్లవాళ్లలో నెలంతా మిరప తోటలో ఉండిపోయినవాళ్లు తెలంగాణ లెక్కలో, లెక్క ముగియడానికి వారం ముందు తిరిగొచ్చినవాళ్లు మహారాష్ట్ర లెక్కలో పడతారు. చేనుగట్టు మీది గుడిసె దాకా ఎన్యూమరేటర్ రాకపోతే ఎక్కడా పడరు.

ఈ శాతాలను పేపర్లలో వచ్చే వేరే అంకెలతో పోల్చేటప్పుడు జాగ్రత్తపడాలి. 2017 నుంచి జరుగుతున్న పీఎల్ఎఫ్ఎస్ అనే శ్రామిక సర్వే 2023-24లో మహిళల భాగస్వామ్యాన్ని 41.7 శాతమని చెప్పింది. జనాభా లెక్కల 25.5తో పక్కన పెట్టి చూస్తే ఎగిరి గంతేసినట్టుంటుంది. కానీ జనాభా లెక్కలు చంటిపిల్లలతో సహా మొత్తం జనాభాతో భాగిస్తాయి. సర్వే చెప్పిన ఈ అంకె పదిహేనేళ్లు దాటినవారికే, పైగా అందులో పని వెతుక్కుంటున్నవారు కూడా కలిసి ఉంటారు. ఏడాదిలో ముప్పై రోజులు పనిచేసినా ఆ సర్వేలో అనుబంధ పని కింద గుర్తింపు దొరుకుతుంది. ఇంటికోసం కట్టెలు, ఆకుకూరలు, పశువుల మేత ఏరి తెచ్చే ఆడవాళ్లకు విడిగా ఒక కోడ్ ఉంది, అయితే ఆ కోడ్‌లో పడ్డవాళ్లు శ్రామికుల లెక్కలోకి రారు.

గురూజీకి సగం చెప్పి సగం దాచడానికి ఊళ్లో ఇంకో కారణం కూడా ఉంది. కూలికి పోతున్నామని, బర్రె ఉందని రాయిస్తే రేషన్ కార్డు పోతుందేమోనని టెన్షన్. 1948 నాటి జనగణన చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం ఒక మనిషి గురించి ఎన్యూమరేటర్ రాసుకున్న వివరాలను చూసే హక్కు ఎవరికీ లేదు, ఈ చట్టం కిందే పెట్టే కేసుల్లో తప్ప వాటిని కోర్టులో సాక్ష్యంగానూ వాడకూడదు. కాబట్టి మిరప ఏరడానికి పోయిన రోజుల్ని, ఆమె నోటితోనే, ఉన్నదున్నట్టు చెప్పించవచ్చు.