పక్కింటి పాపని చూసుకోమంటే ఒప్పుకోవాలా? కొన్ని అపోహలు - వాస్తవాలు

విశాఖ మర్రిపాలెంలో మా ఇంట్లోనే చిన్నపిల్లల్ని పగలంతా చూసుకుంటాను. ఇదే నా పని. అందుకని తెలిసినవాళ్ళలో ఎవరికి ఈ ఆలోచన వచ్చినా ముందు నాకే ఫోన్ చేస్తారు. "అక్కా, పక్కింటి అమ్మాయి సెలవు అయిపోతోంది. పాపని చూసుకోమంటోంది, డబ్బులిస్తానంటోంది. ఒప్పుకోనా?" ఉద్యోగం చేసే తల్లికి మొదటి ఇద్దరు పిల్లలకి చట్టప్రకారం జీతంతో వచ్చే సెలవు 26 వారాలు. కాన్పుకి ముందే కొన్ని వారాలు వాడేసుకుంటే, డ్యూటీలో చేరేనాటికి పాపకి ఐదో నెల కూడా నిండదు. అత్తగారేమో శ్రీకాకుళంలో, అమ్మేమో పార్వతీపురంలో. ఇక ఆ అమ్మాయికి కనిపించేది మీ గుమ్మమే.

ఒప్పుకోవడం, మానడం మీ ఇష్టం. కానీ చాలామంది తప్పు లెక్కతో ఒప్పుకుంటున్నారు, లేదా ఎవరో చెప్పిన మాటకి భయపడి మానేస్తున్నారు.

అపోహ: "తెలిసినవాళ్ళే కదా, డబ్బుల సంగతి తర్వాత చూసుకుందాం."

ఎక్కువమందిని ముంచేది ఇదే. మా వీధిలోనే ఒకావిడ ఇలాగే ఒప్పుకున్నారు. పాప తల్లిది అచ్యుతాపురం వైపు ఉద్యోగం, కంపెనీ బస్సులో రాకపోకలు. "ఎంతివ్వమంటారు ఆంటీ?" అంటే ఈవిడ "నీకు తోచింది ఇవ్వమ్మా, మనలో మనకి లెక్కలేంటి" అన్నారు. ఆ అమ్మాయికి మూడు వేలు తోచింది. సాయంత్రం ఆరుకి వచ్చేస్తానంది కానీ, గాజువాక దగ్గర బస్సు ఇరుక్కుంటే ఏడున్నర, ఒక్కోసారి ఎనిమిది. ఈవిడ కొడుకు టెన్త్. వాడు చదువుకునే వేళకి పాప నిద్రొచ్చి ఏడుస్తూ ఉండేది. సంక్రాంతికి ఊరెళ్ళి పది రోజులు ఉండొచ్చిన ఆ అమ్మాయి, ఆ రోజులకి డబ్బు తగ్గించి ఇచ్చింది. అప్పుడు కూడా ఈవిడ నోరు విప్పలేదు. ఒకరోజు రాత్రి మెట్ల దగ్గర అన్నీ కలిపి ఒకేసారి అనేశారు. ఇప్పుడు రెండిళ్ళ మధ్యా మాటల్లేవు. ఇద్దరిలో చెడ్డవాళ్ళెవరూ లేరు. ఆ అమ్మాయికి బస్సు ఆలస్యమైతే గుండెలో రాయి పడేది, ఈవిడకేమో పాపంటే ప్రాణం. ముందే మాట్లాడుకోకపోవడం వల్లే ఇంత జరిగింది.

ఒకసారి లెక్క వేయండి. నెలకి 6000 అనుకుందాం. రోజుకి 9 గంటలు, నెలకి 25 రోజులంటే 225 గంటలు. గంటకి 27 రూపాయలు కూడా పడదు. అందులోంచి పాలు, అరటిపండు, ఫ్యాను కరెంటు, అదనంగా ఉతికే దుప్పట్లు తీసేయండి. ఆ మొత్తానికి మీరు సంతోషంగా చేయగలిగితే చేయండి, తప్పేమీ లేదు. కానీ ఆ సంఖ్య చూశాకే చేయండి. మీ పేటలో డేకేర్‌లు ఎంత తీసుకుంటున్నాయో రెండు చోట్ల అడిగి, దాన్నిబట్టి మీ మాట చెప్పండి.

నేనైతే పాప రాకముందే వాట్సాప్‌లో ఈ మెసేజ్ పెడతాను, తల్లి "సరే" అని జవాబిచ్చాకే మొదలుపెడతాను:

"సోమవారం నుంచి శనివారం, ఉదయం 9 నుంచి సాయంత్రం 6. డబ్బు ప్రతి నెలా 5వ తేదీలోపు. 6:15 దాటితే ప్రతి అరగంటకీ అదనం. పాప రాని రోజులకి తగ్గింపు లేదు, నేను సెలవు పెడితే తగ్గించుకోండి. పాలపొడి, డైపర్లు మీవి, అన్నం పప్పు నావి. జ్వరం, విరేచనాలు ఉంటే ఆ రోజు తీసుకురావద్దు. మీ ఇద్దరికీ, మామ్మగారికీ తప్ప పాపని ఎవరికీ ఇవ్వను. మానేయాలనుకుంటే ఎవరైనా నెల ముందు చెప్పాలి."

ఇలా చెప్పడానికి మొహమాటంగా ఉంటుందని నాకు తెలుసు. కానీ అదే పక్కింటివాళ్ళతో కలిసి చీటీ వేసినప్పుడు ఎంత, ఏ తేదీకి అని అడగడానికి మనం సిగ్గుపడం కదా. నిజానికి ఈ మెసేజ్ చూసి తల్లులే ఊపిరి పీల్చుకుంటారు. ఆలస్యమైతే ఏం చేయాలో తెలిస్తే బస్సులో కూర్చున్న మనిషికి టెన్షన్ సగం తగ్గుతుంది.

అపోహ: "ఇద్దరు పిల్లల్ని పెంచాను, నాకు తెలీదా?"

తెలుసు, కాదనను. కానీ మీ పిల్లలకి మీరు అలవాటుగా చేసినవి వేరేవాళ్ళ పాపకి చేయకూడదు. ముఖ్యంగా మందు. జ్వరానికి వేసే పారాసెటమాల్ చుక్కల మందులో 1 మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటుంది. సిరప్‌లో అయితే 5 మి.లీ.కి 120 లేదా 125, ఇంకో రకంలో 250. చుక్కల మందుని సిరప్ అనుకుని చెంచాడు, అంటే 5 మి.లీ., పట్టేస్తే 500 మి.గ్రా. ఒంట్లోకి వెళ్ళిపోతుంది. సీసా మీద రాసింది చదవకుండా "మా వాడికి ఇంతే వేసేదాన్ని" అని వేసేవాళ్ళని చూస్తే నాకు కోపం ఆగదు. తల్లి పంపిన మందు, ఆమె రాసిచ్చిన మోతాదు, రాసిచ్చిన టైము. అంతకుమించి చుక్క కూడా వద్దు. అనుమానం వస్తే ఫోన్ చేయండి, ఆమె మీటింగులో ఉన్నా సరే.

ఏడాది నిండని పాపకి తేనె నాకించొద్దు. అందులో ఉండే బొటులిజం సూక్ష్మక్రిములు ఆ వయసు కడుపులో విషం తయారుచేయగలవు. వేరుశెనగ గింజలు, గుండ్రటి ద్రాక్షపళ్ళు నాలుగైదేళ్ళ వరకూ గొంతుకి అడ్డం పడతాయి. ఇక కుళాయి వచ్చినప్పుడు నీళ్ళు పట్టి బాత్రూంలో పెట్టుకునే బకెట్లు. తప్పటడుగులు వేసే పిల్ల తల బరువుకి ముందుకి ఒరిగితే మళ్ళీ పైకి లేవలేదు, జానెడు నీళ్ళు చాలు, చప్పుడు కూడా రాదు. పాప వచ్చేవేళకి ఆ బకెట్లు బోర్లించి ఉండాలి, డ్రమ్ముకి మూత బిగించి ఉండాలి, బాత్రూం తలుపుకి పైన గడియ ఉండాలి. మొదటి రోజుకి ముందే ఒకసారి నేలమీద కూర్చుని, పాప కళ్ళకి అందే ఎత్తు నుంచి మీ ఇల్లు చూడండి. ప్లగ్ పాయింట్లు, మంచం కింద పెట్టిన ఫినాయిల్ సీసా, కిటికీ పక్కన జరిపిన కుర్చీ అప్పుడు కనిపిస్తాయి.

అపోహ: "చిన్న దెబ్బ తగిలినా మన మీద కేసేనట."

ఈ "నట" మాటలు విని భయపడే అమ్మాయిలు నా దగ్గరికి ఎంతమందో వస్తారు. ఆడుకుంటూ పడి మోకాలు చీరుకుంటే ఎవరూ జైలుకి వెళ్ళరు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ చెప్పేది వేరు. పిల్లల్ని తన చూపులో ఉంచుకున్న మనిషి ఎవరైనా సరే, వాళ్ళని కొట్టినా, వదిలేసినా, బాధపడేలా కావాలని నిర్లక్ష్యం చేసినా 3 ఏళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా ఉండొచ్చు. అంటే పాపని గదిలో పెట్టి గడియ వేసి రైతుబజారుకి వెళ్ళకూడదు. దెబ్బ తగిలితే వెంటనే ఫొటో తీసి తల్లికి పంపండి. దాచిపెట్టడమే గొడవలకి మూలం. పెద్ద దెబ్బయితే ముందు 108, తర్వాత తల్లికి ఫోన్.

మిగతావి క్లుప్తంగా. ఒక్క పాపని చూసుకుని సంపాదించేదానికి ఆదాయపు పన్ను భయం అక్కర్లేదు. వేరే ఆదాయం లేకపోతే కొత్త పద్ధతిలో 4 లక్షల వరకు పన్నే లేదు. బోర్డు కట్టి పదిమంది పిల్లల్ని తీసుకుంటే విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ట్రేడ్ లైసెన్సు లాంటివి చూసుకోవాలి. అద్దె ఇల్లయితే మాత్రం ఒక్క పాపకైనా ఓనర్‌కి చెప్పండి. "పాప నా దగ్గర ఉండట్లేదు, ఏడుస్తోంది, నాకు చేతకాదేమో" అని దిగులుపడేవాళ్ళకి ఒక మాట. ఎనిమిదో నెల దాటాక తల్లి కనిపించకపోతే ఏడవడం పిల్లల ఎదుగుదలలో భాగం, మీ తప్పు కాదు. మొదటి వారం తల్లిని కూడా కూర్చోబెట్టి గంట, తర్వాత ఆమె లేకుండా రెండు గంటలు, అలా పెంచుకుంటూ వెళ్ళండి.

నిర్ణయానికి ముందు ఇంట్లో అందరినీ అడగండి. మీవారిది స్టీల్ ప్లాంటులో నైట్ షిఫ్టు అయితే పగలు ఆయన నిద్ర ఏమవుతుంది? మీ అత్తగారికి ఓపిక ఉందా? ఆ అమ్మాయి ఆఫీసులో 50 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేస్తుంటే అక్కడ గానీ దగ్గర్లో గానీ క్రెష్ (ఉద్యోగుల చిన్నపిల్లల్ని చూసుకునే చోటు) సదుపాయం ఉండాలని చట్టం చెబుతోంది, ముందు అది అడిగిందేమో కనుక్కోండి. అన్నీ చూశాక కుదరదనిపిస్తే నాన్చకండి. ఆమె డ్యూటీలో చేరడానికి కనీసం మూడు వారాల ముందే, "అమ్మా, మీ అంకుల్‌కి పగటి నిద్ర, రోజూ అంటే నావల్ల కాదు. ఎప్పుడైనా గంటసేపు అవసరమైతే నిస్సంకోచంగా దింపు" అని చెప్పేయండి. ఇంకొకరిని వెతుక్కోవడానికి ఆమెకి ఆ మూడు వారాలూ కావాలి.