రెమ్‌డెసివిర్ ఏ రోజున వేశారు?

2021 ఏప్రిల్ చివరి వారంలో కోవిడ్‌తో ఆసుపత్రిలో ఉన్న మా బాబాయి కోసం రెమ్‌డెసివిర్ అనే వైరస్ మందు ఇంజెక్షన్లు వెతుకుతూ రెండు రాత్రులు ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. ఆసుపత్రి వాళ్లు చీటీ రాసిచ్చి ఆరు వయల్స్ మీరే తెచ్చుకోండి అన్నారు. ఆ నెలలోనే ప్రభుత్వం ధరలు తగ్గించింది, హైదరాబాద్ కంపెనీ హెటిరో కోవిఫర్ పేరుతో అమ్మే రెమ్‌డెసివిర్ వయల్ 5,400 నుంచి 3,490కి దిగింది, కానీ అది డబ్బా మీది ధర. ఫోన్లో అవతలివాడు ఒక్కో వయల్‌కి పాతిక వేలన్నాడు, అది కూడా సగం ముందే పంపితే. చివరికి ఎలాగో దొరికాయి. మొదటి వయల్ ఎక్కించేసరికి బాబాయికి జ్వరం మొదలై పదకొండో రోజు, ఆక్సిజన్ మీదకి వెళ్లి నాలుగో రోజు. ఆయన బతికి బయటపడ్డారు. ఇంజెక్షన్లే బతికించాయని పిన్ని ఇప్పటికీ అంటుంది, నేనెప్పుడూ కాదనలేదు. కానీ ఆ పదకొండో రోజు మాత్రం నా బుర్రలో ఉండిపోయింది, ఎందుకంటే తర్వాత చదివినకొద్దీ తెలిసిందేంటంటే ఊపిరితిత్తుల వైరస్‌ల మందుల చరిత్ర మొత్తం దాదాపు ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది: మందు ఏదని కాదు, ఏ రోజున అని.

కథ 1957 నుంచి మొదలుపెట్టాలి. ఆ ఏడాది ఆసియా ఫ్లూ ప్రపంచాన్ని చుట్టేసింది. మన దేశానికి మే నెలలో సింగపూర్ నుంచి మద్రాసు రేవుకి వచ్చిన ఓ ఓడతో చేరింది. అదే ఏడాది లండన్ మిల్ హిల్‌లోని పరిశోధన సంస్థలో అలిక్ ఐజాక్స్, జీన్ లిండెన్‌మన్ అనే ఇద్దరు కోడిగుడ్లతో ఓ ప్రయోగం చేశారు. పిండం ఉన్న గుడ్డు లోపలి పలచని పొరను ముక్కలు చేసి, వేడితో చంపేసిన ఫ్లూ వైరస్‌ని వాటికి తగిలించి, కొన్ని గంటలయ్యాక ఆ ద్రవాన్ని తీసి కొత్త పొర ముక్కల మీద పోశారు. ఆ కొత్త ముక్కల్లో బతికున్న వైరస్‌ని వేసినా సరిగ్గా పెరగలేదు. అంటే మొదటి కణాలు ఏదో పదార్థాన్ని బయటికి వదిలాయి, పక్కింటికి దొంగలు పడితే వీధంతా తలుపులకి గడియ పెట్టుకున్నట్టు మిగతా కణాలు దాంతో జాగ్రత్తపడ్డాయి. ఆ పదార్థానికే ఇంటర్‌ఫెరాన్ అని పేరు పెట్టారు.

అప్పట్లో దీన్ని వైరస్‌ల పెన్సిలిన్ అనుకున్నారు. పెన్సిలిన్ ఎన్నో రకాల బ్యాక్టీరియాని చంపినట్టు ఇది ఏ వైరస్‌నైనా ఆపుతుందని ఆశ. తీరా తయారుచేయబోతే చేతికి చిక్కేది చుక్కల్లో కూడా కాదు. ఫిన్లాండ్‌లో కారీ కాంటెల్ అనే శాస్త్రవేత్త రక్తదాతల రక్తంలోంచి తెల్లకణాలు వేరుచేసి, వాటినుంచి ఇంటర్‌ఫెరాన్ తీసేవాడు, ప్రపంచమంతా చాలాకాలం ఆ సరుకు మీదే ఆధారపడింది. 1970లలో బ్రిటన్‌లో వలంటీర్ల ముక్కుల్లో ముందుగా ఇంటర్‌ఫెరాన్ కొట్టి ఆ తర్వాత జలుబు వైరస్ ఎక్కించి చూశారు. డోసు గట్టిగా ఇస్తే జలుబు రాలేదు! అయితే తర్వాతి ట్రయల్స్‌లో రోజూ కొట్టుకునేసరికి ముక్కు బిగుసుకుపోవడం, రక్తపు చారలు. జలుబు రాకుండా చేసే మందు తానే జలుబులా తయారైంది.

ఇదేదో దురదృష్టం అనుకోకండి, అసలు విషయం ఇక్కడే ఉంది. ఫ్లూ వచ్చినప్పుడు మనకి ఒళ్లు విరిచేసినట్టుండటం, చలి, జ్వరం, మంచం దిగబుద్ధి కాకపోవడం, వీటిలో చాలాభాగం వైరస్ చేసేది కాదు, వైరస్ మీదకి మన శరీరం పంపిన ఇంటర్‌ఫెరాన్, దాని చుట్టాలు చేసేది. హెపటైటిస్ సికి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు వేసుకున్న పాత రోగుల్ని అడగండి, ఒంట్లో ఫ్లూ లేకుండానే ఫ్లూ జ్వరం పడ్డామని చెప్తారు. ఆయుధం మనదే, దెబ్బా మనకే.

ఇంటర్‌ఫెరాన్ అలా తేలకుండా ఉండగానే ఇంకో వైపు నుంచి నేరుగా వైరస్‌ని పట్టుకునే మందు వచ్చింది. 1966లో అమెరికాలో అమాంటడిన్‌కి అనుమతి దొరికింది, ఫ్లూ వైరస్‌ల్లో ఇన్‌ఫ్లుయెంజా ఎ అనే రకం మీద మాత్రమే పనిచేసే మాత్ర. దీనితో ఓ తమాషా జరిగింది. పార్కిన్సన్స్ జబ్బున్న ఒకావిడ ఫ్లూ రాకుండా ఈ మాత్ర వేసుకుంటే చేతుల వణుకు, బిగుతు తగ్గాయి, మాత్ర ఆపగానే మళ్లీ మొదలయ్యాయి. ఆవిడే డాక్టరుకి చెప్పింది, 1969లో అది వైద్య పత్రికకెక్కింది. ఈరోజుకి అమాంటడిన్ బతికున్నది పార్కిన్సన్స్ మందుగానే. ఫ్లూ వైరస్ దానికి అలవాటుపడిపోయింది. 2006 జనవరిలో అమెరికా అధికారులు ఇక ఫ్లూకి దీన్ని వాడొద్దని చెప్పేశారు, అప్పటికి అక్కడి హెచ్3ఎన్2 రకం ఫ్లూ వైరస్ నమూనాల్లో పదింటికి తొమ్మిది లొంగడం మానేశాయి.

ఆ తర్వాత మనందరికీ తెలిసిన టామిఫ్లూ. దీని వెనక పని చాలా ముచ్చటైనది. ఫ్లూ వైరస్ కణంలో పిల్లలు పెట్టాక, ఆ పిల్లలు కణం పైపొరకి జిగురుగా అంటుకుని ఉంటాయి, వాటిని కత్తిరించి వదిలే కత్తెర ఒకటి వైరస్ మీదే ఉంటుంది, దాని పేరు న్యూరమినిడేజ్. 1983లో ఆస్ట్రేలియాలో పీటర్ కోల్‌మన్ బృందం ఆ కత్తెర ఆకారాన్ని అణువు అణువూ గీసి చూపించింది. ఆకారం తెలిశాక దాని నోట్లో సరిగ్గా ఇరుక్కునే పుల్లని చెక్కడం రసాయన శాస్త్రవేత్తల పని. అలా పీల్చే మందు జనామివిర్, మింగే మందు ఒసెల్టామివిర్ రెండూ 1999లో బజారుకొచ్చాయి. ఒసెల్టామివిరే టామిఫ్లూ. దాని ముడిసరుకు ఎక్కడ నుంచి అనుకున్నారు? బిర్యానీలో వేసే అనాసపువ్వు నుంచి. అందులోని షికిమిక్ ఆమ్లంతో మొదలుపెట్టి అంచెలంచెలుగా మందు కడతారు. (అనాసపువ్వు కషాయం తాగితే ఫ్లూ తగ్గుతుందని వాట్సాప్‌లో వస్తే నమ్మకండి. కొబ్బరిపీచు నమిలితే తాడు రాదు.) 2005లో బర్డ్ ఫ్లూ భయంతో దేశాలన్నీ నిల్వలకి ఎగబడేసరికి టామిఫ్లూ చేసే రోష్ కంపెనీ ఒక్కటే చేయలేక ఆ డిసెంబర్‌లో మన హెటిరోకి సబ్‌లైసెన్స్, అంటే తనూ తయారుచేసుకునే అనుమతి, ఇచ్చింది.

అది తొందర్లోనే అక్కరకొచ్చింది. 2009 మేలో దేశంలో మొట్టమొదటి స్వైన్ ఫ్లూ కేసు బయటపడింది హైదరాబాద్‌లోనే, అమెరికా నుంచి దిగిన ప్రయాణికుడిలో. మాస్కులు మన వీధుల్లో కనిపించాయి అప్పుడు. టామిఫ్లూని మొదట్లో మెడికల్ షాపుల్లో అమ్మనివ్వలేదు, ప్రభుత్వమే ఇచ్చేది, విచ్చలవిడిగా మింగితే వైరస్ దీనికీ అలవాటుపడుతుందన్న భయం. ఆ భయం ఊహ కాదు. అంతకు ముందు ఏడాదే ఏటా వచ్చే మామూలు హెచ్1ఎన్1 ఫ్లూ వైరస్ టామిఫ్లూకి లొంగడం మానేసింది, అదీ మొదట గుర్తించింది ఆ మందు పెద్దగా వాడని నార్వేలో. 2009 కొత్త వైరస్ వచ్చి ఆ మొండి వైరస్‌ని పక్కకి నెట్టేసింది, కొత్తదానికి టామిఫ్లూ పనిచేసింది. దీన్ని అదృష్టం అనక ఏమనాలో నాకు తెలీదు.

పనిచేసింది అన్నాను, ఎంత పనిచేసింది? జలుబుకి మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు అని మనవాళ్లు ఊరికే అనలేదు. 2014లో వైద్య పరిశోధనల్ని జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ, కంపెనీ దాచిపెట్టుకున్న ట్రయల్ రిపోర్టులన్నీ పోట్లాడి తెప్పించుకుని లెక్కగడితే, పెద్దవాళ్లలో ఫ్లూ లక్షణాలు 7 రోజుల నుంచి 6.3 రోజులకి తగ్గాయని తేలింది. సామెత కన్నా ఓ పదిహేడు గంటలు నయం. అయితే ఇక్కడ రోజు లెక్క మర్చిపోకూడదు, మొదటి 48 గంటల్లో వేస్తేనే ఈ మందుకి ఎక్కువ విలువ ఉంటుంది. ఫ్లూ వైరస్ రెండో మూడో రోజుకే పతాక స్థాయికి చేరి దిగడం మొదలుపెడుతుంది. మన ఇళ్లలో జరిగేదేంటి? మొదటిరోజు పారాసెటమాల్, రెండోరోజు ఆర్‌ఎంపీ దగ్గర ఓ సూది, మూడోరోజు మెడికల్ షాపువాడిచ్చిన అజిత్రోమైసిన్ (అది వైరస్ వెంట్రుక కూడా పీకలేదు), తగ్గకపోతే ఐదోరోజు టెస్టు. దొంగ ఊరు దాటాక పోలీసులకి ఫోన్ చేసినట్టు.

హెచ్‌ఐవీకి, హెపటైటిస్ సికి అంత మంచి మందులొచ్చాయి కదా, జలుబుకెందుకు రాలేదని చాలామంది అడుగుతారు. హైదరాబాద్ ఫార్మా పెద్దదవడంలో హెచ్‌ఐవీ మాత్రల వాటా తక్కువేం కాదు. తేడా ఏంటంటే ఆ వైరస్‌లు ఒంట్లో ఏళ్ల తరబడి కాపురం ఉంటాయి, మందుకి కావలసినంత టైం ఉంటుంది. ఊపిరితిత్తుల వైరస్‌లు వారంలో వచ్చిపోతాయి. పోతూపోతూ కొంతమందిలో వైరస్ తగ్గుముఖం పట్టాక అసలు గొడవ మొదలవుతుంది, శరీరం ఆపాల్సిన యుద్ధం ఆపదు.

ఇది కోవిడ్‌తో బయటపడ్డ సంగతి కాదు. 1966లో అమెరికాలో పసిపిల్లల ఊపిరితిత్తుల్ని పట్టే ఆర్‌ఎస్‌వీ అనే వైరస్‌కి వాళ్ల మీదే ఓ టీకా పరీక్షించారు. వైరస్‌ని ఫార్మాలిన్ అనే రసాయనంతో చంపి చేసిన టీకా. ఆ చలికాలం వైరస్ సోకిన పిల్లల్లో, టీకా వేయనివాళ్లలో నూటికి 5 మంది ఆసుపత్రి పాలైతే, టీకా వేసినవాళ్లలో 80 మంది. ఇద్దరు పిల్లలు చనిపోయారు. టీకా శరీరాన్ని సిద్ధం చేసింది, కానీ తప్పు పద్ధతిలో. ఎక్కడ తప్పు జరిగిందో, ఆ వైరస్ ప్రోటీన్ ఏ ఆకారంలో ఉన్నప్పుడు పట్టుకోవాలో తేలడానికి 2013 దాకా పట్టింది, సరైన ఆర్‌ఎస్‌వీ టీకాలు 2023లో గానీ రాలేదు.

ఇక 2020. జూన్‌లో బ్రిటన్‌లో కోవిడ్ మందుల్ని పరీక్షిస్తున్న రికవరీ అనే ట్రయల్ నుంచి వచ్చిన వార్త నాకు బాగా గుర్తు. డెక్సామెథసోన్ అనే అతి చవక స్టెరాయిడ్, రోజుకి 6 మిల్లీగ్రాములు, వెంటిలేటర్ మీదున్నవాళ్లలో చావుల్ని దాదాపు మూడోవంతు, ఆక్సిజన్ మీదున్నవాళ్లలో అయిదోవంతు తగ్గించింది. స్టెరాయిడ్ వైరస్‌ని ముట్టుకోదు, శరీరం కోపాన్ని అణుస్తుంది. అదే ట్రయల్‌లో ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి లాభం కనిపించలేదు, పైగా నష్టం వైపే మొగ్గింది. ఈ రెండో వాక్యం మన దగ్గరికి వచ్చేసరికి ఎక్కడో జారిపోయింది. 2021 మేలో మూడోరోజు జ్వరానికి ఇంట్లోనే స్టెరాయిడ్ మాత్రలు మింగినవాళ్లు మా వీధిలోనే ముగ్గురు. షుగర్ ఉన్న ఒంట్లో ఎడాపెడా స్టెరాయిడ్ పడితే ఏమవుతుందో ఆ నెలలో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ముందు బారులు తీరిన బ్లాక్ ఫంగస్ రోగుల్ని చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

అంటే మొదటి రోజులు వైరస్‌వి, అప్పుడు వైరస్ మందు. తర్వాతి రోజులు శరీరానివి, అప్పుడు స్టెరాయిడ్. మనం రెండూ తారుమారు చేశాం, స్టెరాయిడ్ ముందూ రెమ్‌డెసివిర్ వెనకా. ఆసుపత్రిలో చేరినవాళ్ల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన పెద్ద ట్రయల్ తొలి ఫలితాల్లో రెమ్‌డెసివిర్ ప్రాణాలు కాపాడినట్టు కనిపించలేదు, 2020 నవంబర్‌లోనే వాడొద్దని సూచించింది కూడా, మనం వయల్స్ కోసం కొట్టుకున్నది ఆ తర్వాత అయిదు నెలలకి. మరి అది పనికిరాని మందా అంటే కాదు. 2021 డిసెంబర్‌లో ఇంకో ట్రయల్ ఫలితం వచ్చింది. ముప్పున్న రోగులకి, ఆసుపత్రిలో చేరకముందే, లక్షణాలు మొదలైన వారంలోపు మూడురోజులు అదే ఇంజెక్షన్ ఇస్తే ఆసుపత్రి పాలవడం 87 శాతం తగ్గింది. అదే మందు, అదే వయల్! మా బాబాయికి నాలుగోరోజు వేసుంటే అని నేను లెక్కలేసుకోవడం మానలేదు, కానీ నాలుగోరోజున ఆయన పొలం గట్టు మీద ఉన్నారు, మామూలు జ్వరమే అంటూ.

మాత్ర రూపంలో మోల్నుపిరావిర్ అనే ఇంకో కోవిడ్ మందు వచ్చినప్పుడు ఈ టైం సమస్య తీరుతుందనుకున్నారు. 2021 డిసెంబర్ చివర్లో మన దేశం అనుమతిచ్చింది, డాక్టర్ రెడ్డీస్ క్యాప్సూల్ 35 రూపాయలకే, నలభై వేసుకుంటే కోర్సు 1,400. కొద్ది రోజుల్లోనే వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ దాని భద్రత మీద అనుమానాలున్నాయంటూ చికిత్స జాబితాలో చేర్చలేదు. తర్వాత బ్రిటన్‌లో పాతిక వేలమందికి పైగా, ఎక్కువగా టీకాలు వేసుకున్నవాళ్ల మీద చూస్తే ఆసుపత్రి పాలవడాన్ని అది తగ్గించలేదు.

ఇంటర్‌ఫెరాన్ దగ్గరికి మళ్లీ వస్తా. 2020లో జాన్-లోరాన్ కాసనోవా అనే శాస్త్రవేత్త బృందం ప్రాణాల మీదకొచ్చిన 987 మంది కోవిడ్ రోగుల రక్తం పరీక్షించింది. వాళ్లలో 101 మందికి సొంత ఇంటర్‌ఫెరాన్‌నే అడ్డుకునే యాంటీబాడీలు ఉన్నాయి, అందులో 95 మంది మగవాళ్లు. స్వల్పంగా వచ్చిపోయిన 663 మందిలో ఒక్కరికీ లేవు. గుడ్డు పొరల ప్రయోగంలో కనిపించిన ఆ గడియ వీళ్ల తలుపులకి పడలేదన్నమాట, వైరస్ మొదటి రోజుల్లోనే ఇల్లంతా తిరిగేసింది. ఇంటర్‌ఫెరాన్ ఎక్కువైతే బాధ అని ఇందాక చెప్పాను, సమయానికి లేకపోతే ఏమవుతుందో ఈ లెక్క చెప్తోంది.

అలాంటప్పుడు దాన్నే మందుగా తొలిరోజుల్లో ఇస్తే? ఆసుపత్రిలో ఆలస్యంగా ఇచ్చిన ఇంటర్‌ఫెరాన్ బీటా ఉపయోగపడలేదు. కానీ ఇంటర్‌ఫెరాన్‌లో లాంబ్డా అని ఇంకో రకం ఉంది, ఇది ప్రధానంగా ఊపిరితిత్తులు, పేగుల పైపొరల మీదే పనిచేస్తుంది కాబట్టి ఒళ్లంతా జ్వరం పుట్టించదు. బ్రెజిల్, కెనడాల్లో లక్షణాలు మొదలైన ఏడు రోజుల్లోపు ఒకే ఒక్క ఇంజెక్షన్ ఇచ్చి చూస్తే, ఆసుపత్రి పాలైనవాళ్లు, ఎమర్జెన్సీలో గంటల తరబడి ఉండాల్సి వచ్చినవాళ్లు కలిపి 5.6 శాతం నుంచి 2.7 శాతానికి తగ్గారు. 2023 ఫిబ్రవరిలో ఆ ఫలితం అచ్చయింది. అప్పటికే అమెరికా అధికారులు దానికి అత్యవసర అనుమతి ఇచ్చేలా లేరని కంపెనీ ప్రకటించేసింది. ఆ మందుని నడిపించిన ఐగర్ అనే చిన్న కంపెనీ 2024 ఏప్రిల్‌లో దివాలా పిటిషన్ వేసింది.