తప్పుడు టైమ్‌స్టాంపులు: అపోహలు - వాస్తవాలు

"మైనస్ టైమ్‌స్టాంపులను ఆపేస్తున్నాం కదా, ఇక తప్పుడువి లోపలికి ఎలా వస్తాయి?" ప్రతి రికార్డుకూ ఉండే సమయ ముద్రే ఈ టైమ్‌స్టాంప్. ఈ నెలలో ఈ ప్రశ్న నాకు ఎదురవడం మూడోసారి. అడిగిన బృందం విండో లెక్కలు (రికార్డులను కాల ఖండాలుగా విడదీసి చేసేవి) అప్పటికి రెండు రోజులుగా ఆగిపోయి ఉన్నాయి.

అపోహ: చెల్లని టైమ్‌స్టాంప్ అంటే మైనస్ విలువే.

వాస్తవం: కాఫ్కా స్ట్రీమ్స్ (కాఫ్కాలోకి వచ్చే డేటాను వచ్చినట్టే లెక్కించే లైబ్రరీ) చెల్లదనేది మైనస్ విలువను మాత్రమే, నిజమే. కాఫ్కా 0.10 వెర్షన్ కంటే ముందటి ఫార్మాట్‌లో రాసిన సందేశాలకు టైమ్‌స్టాంప్ లేదు కాబట్టి మైనస్ 1 వస్తుంది. డిఫాల్ట్ ఎక్స్‌ట్రాక్టర్ (రికార్డు నుంచి సమయాన్ని తీసే కోడ్) అక్కడే ఎక్సెప్షన్‌తో పని ఆపేస్తుంది. దాన్ని చూసి కంగారు పడకండి, అది కళ్లెదుట ఉన్న తప్పు. కొంప ముంచేది భవిష్యత్తు తేదీతో, చూడటానికి మామూలు సంఖ్యలా వచ్చే రికార్డు.

స్ట్రీమ్ టైమ్ అంటే ఇప్పటిదాకా చూసిన టైమ్‌స్టాంపులలో అన్నిటికంటే పెద్దది. అది వెనక్కి రాదు. ఒక పరికరం మిల్లీసెకన్లకు బదులు మైక్రోసెకన్లు పంపిందనుకోండి. ఆ 16 అంకెల సంఖ్యను మిల్లీసెకన్లుగా చదివితే తేదీ 55,000వ సంవత్సరం దాటిపోతుంది. స్ట్రీమ్ టైమ్ అక్కడికి దూకుతుంది, తెరిచి ఉన్న విండోలన్నిటికీ గ్రేస్‌తో (ఆలస్యంగా వచ్చేవాటికి ఇచ్చే అదనపు సమయంతో) సహా గడువు తీరుతుంది. ఆ తరువాత వచ్చే సరైన రికార్డులన్నీ ఆలస్యమైనవిగా రాలిపోతాయి. విండో స్టోర్ (లెక్కలు దాచే చోటు) రిటెన్షన్, అంటే వాటిని ఉంచే కాలం, కూడా ఇదే గడియారంతో నడుస్తుంది కనుక స్టోర్‌లోని పాత భాగాలూ (సెగ్మెంట్లు) చెరిగిపోతాయి. ఒక్క రికార్డు చేసే పని ఇదంతా! ఇలాంటిదే మరో సాధనమైన ఫ్లింక్‌లో ఇన్‌పుట్లన్నిటిలో అతి తక్కువ వాటర్‌మార్క్‌ను (సమయం ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే గుర్తును) తీసుకుంటారు కనుక కొంత అడ్డు ఉంటుంది. అలాంటి రికార్డులు అన్ని పార్టిషన్లలోకీ (డేటాను పంచి ఉంచే భాగాల్లోకీ) చేరితే ఆ అడ్డూ నిలవదు.

మొదటిసారి ఇది నా ముందుకు వచ్చినప్పుడు మూడు రాత్రులు నెట్‌వర్క్‌నే అనుమానించాను. కన్స్యూమర్ వెనకబాటు (lag) సున్నా, ఎర్రర్ ఒక్కటీ లేదు. 12 పార్టిషన్లలో 11 చక్కగా నడుస్తున్నాయి. ఒక్కదాని ఫలితాలే ఆగాయి, ఎందుకంటే పార్టిషన్‌ను నడిపే టాస్క్ వేరు, స్ట్రీమ్ టైమ్ ఏ టాస్క్‌కు ఆ టాస్క్‌దే. రీస్టార్ట్ చేసినా ఫలితం లేదు, ఆ రికార్డు స్టోర్‌లోనే కూర్చుని ఉంది. రాలిపోయిన రికార్డుల మెట్రిక్‌ను చివరికి మా బృందంలో కొత్తగా చేరిన అమ్మాయి తెరిచి చూపించింది. అందుకే "డేటా మాయమవుతోంది, మా కోడ్‌లో తప్పేమిటో తెలియడం లేదు" అని ఎవరైనా భయంగా ఫోన్ చేస్తే నేను ముందు అడిగేది ఆ మెట్రిక్ గురించే. చాలాసార్లు తప్పు వాళ్ల కోడ్‌లో ఉండదు.

చేయవలసింది ఎక్స్‌ట్రాక్టర్‌లో పైహద్దు పెట్టడం. టాపిక్ (రికార్డులు చేరే వరుస) లాగ్అపెండ్‌టైమ్ మీద ఉంటే, అంటే రికార్డు చేరిన సమయాన్ని బ్రోకర్ (కాఫ్కా సర్వర్) వేసేలా ఉంటే, రికార్డులోని సమయాన్ని బ్రోకర్ వేసిన సమయంతో పోల్చండి. మీ హద్దు దాటినదానికి మైనస్ విలువ తిరిగివ్వండి, కాఫ్కా స్ట్రీమ్స్ దాన్ని వదిలేస్తుంది. ఇప్పటి గడియారంతో పోలిస్తే ఈ రోజు ఆపిన రికార్డు రేపు మళ్లీ నడిపినప్పుడు దాటిపోవచ్చు. బ్రోకర్ సమయంతో తీర్పు ఎప్పుడూ ఒకటే. ఆ రికార్డులు మీకు కావాలంటే ముందు అంచెలోనే వేరే టాపిక్‌కు మళ్లించండి.

అపోహ: తప్పు వస్తే ఇప్పటి సమయం పెడితే సరిపోతుంది.

నెల కిందటి సంఘటన ఈ రోజు విండోలో పడుతుంది. రేపు మళ్లీ నడిపితే ఇంకో విండోలో పడుతుంది. ఏ లెక్కను నమ్ముతారు?

అపోహ: ఇదంతా టైమ్‌జోన్ గొడవ.

ఎపోక్ మిల్లీసెకన్లకు (1970 జనవరి 1 నుంచి లెక్కించేవాటికి) టైమ్‌జోన్ లేదు. జోన్ రాయని తేదీని పంపేవారి వైపు చదివినప్పుడే ఆ పొరపాటు జరుగుతుంది, అక్కడే వెతకండి.

అపోహ: 1970 తేదీలూ అంతే ప్రమాదం.

కాదు. సెకన్లను మిల్లీసెకన్లుగా చదివితే 1970 జనవరి వస్తుంది, ఆ రికార్డు మాత్రమే పోతుంది, పక్కవాటికి ఏమీ కాదు.

ఇప్పటికే భవిష్యత్తు రికార్డు లోపలికి వచ్చేసి ఉంటే, టాపిక్ మధ్యలోంచి ఒక్క రికార్డును తీసేయలేం. ముందు వడపోత పెట్టండి, తరువాత స్టేట్ (స్టోర్‌లో దాచిన లెక్కలు) రీసెట్ చేసి మొదటి నుంచి నడపండి. అయితే ఆ పాత డేటా మూల టాపిక్‌లో ఇంకా మిగిలి ఉందో లేదో రీసెట్‌కు ముందే చూసుకోండి.