‘లేదు’ అన్నవాటి పుస్తకం

బరంపురం

చిరంజీవులైన మనవడికీ మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు.

మీరు పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. మగ్గం చప్పుడుతో మొదలుపెట్టడం నాకు చాలా నచ్చింది. నెల గడిచినా యాభైమంది కూడా చూడలేదని మీరు దిగులు పడుతున్నారట, మీ అమ్మ చెప్పింది. లోపం వీడియోలో లేదు. దాని పేరు మరోసారి చదువుకోండి: ‘బరంపురం పట్టు – తరతరాల వారసత్వ వైభవం’. పెద్దబజారు కొట్లో నలభై ఏళ్ళు కూర్చున్నాను. ఆ మాటలతో చీర అడిగిన మనిషి ఒక్కరూ తారసపడలేదు.

మా నాన్నగారు నాకొక అలవాటు నేర్పారు. గల్లాపెట్టె పక్కన ఒక పుస్తకం ఉండేది. అడిగిన సరుకు మన దగ్గర లేకపోతే, వాళ్ళు ఏ మాటతో అడిగారో ఆ మాటే అందులో రాయాలి. మన మాటలోకి మార్చకూడదు. ఇచ్ఛాపురం నుంచి వచ్చినావిడ "గుడంచు చీరుందేటి బాబూ?" అంటే ‘గుడంచు’ అనే రాయాలి. ఆ గుడి గోపురాల అంచునే నేతపనివాళ్ళు ఫొడా, కుంభ అంటారు. చదువుకున్న పిల్లలు టెంపుల్ బోర్డర్ అంటారు. ఒడియావాళ్ళు పట్టుని ‘పాటొ’ అంటారు. ఒక ఏడు వైశాఖం ముందు పుస్తకం తిరగేస్తే ‘పెళ్ళికొడుక్కి పసుపు జోడు’ అని పదకొండు చోట్ల ఉంది. జోడు అంటే పట్టు పంచె, ఉత్తరీయం. నేనేమో ఎర్ర జోళ్ళు నేయించి బీరువా నింపుకున్నాను. ఆ తర్వాత పుస్తకం చూడకుండా ఎప్పుడూ నేతకి చెప్పలేదు.

జనం ఏ మాటలు కొట్టి వెతుకుతున్నారో తెలుసుకోవడాన్ని మీరు కీవర్డ్ రీసెర్చ్ అంటున్నారే, అది ఆ పుస్తకమే. మన గుమ్మం ఎక్కనివాళ్ళు అడిగినవి కూడా దాంట్లో ఉంటాయి, అదీ తేడా.

ముందు డబ్బు ఖర్చులేని పని చేయండి. గూగుల్లోనూ యూట్యూబ్‌లోనూ ‘పట్టు చీర’ అని కొట్టి ఆగండి. కింద వరసగా వచ్చేవి చాలావరకు జనం వెతికిన మాటలే. మీ ఫోన్ మీ అలవాట్లు గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి, ఆ పాత అలవాట్లని పక్కనపెట్టి వెతికే ఇన్‌కాగ్నిటోలో కూడా చూడండి. తర్వాత గూగుల్ ట్రెండ్స్ తెరవండి. ఒక మాటని జనం ఎప్పుడెప్పుడు ఎంతగా వెతికారో అది గీత గీసి చూపిస్తుంది. 2004 నుంచి లెక్క ఉంది. ఒడిశా వేరుగా, ఆంధ్ర వేరుగా చూడొచ్చు. అక్కడ 100 అని కనిపిస్తే వందమంది అనుకోకండి. మీరు ఎంచుకున్న కాలంలో, ఆ ప్రాంతంలో ఆ మాటకి అదే అన్నిటికన్నా ఎత్తు అని అర్థం. పెళ్ళిళ్ళ ముందు గీత ఎప్పుడు లేస్తుందో చూసి, అంతకు కాస్త ముందే వీడియో సిద్ధం చేసుకోండి.

కీవర్డ్ ప్లానర్ అని గూగుల్‌దే ఇంకొకటుంది, ఏ మాటని నెలకి సుమారు ఎన్నిసార్లు వెతుకుతారో అంకెల్లో చెబుతుంది. అది ప్రకటనలిచ్చే వ్యాపారుల కోసం చేసినది. అందులో కాంపిటీషన్ తక్కువ అని ఉంటే, ఆ మాటకి డబ్బిచ్చి ప్రకటన వేసేవాళ్ళు తక్కువని. మన వీడియో తేలిగ్గా పైకొస్తుందని కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఏదైనా మాటకి అంకె అసలు రాకపోయినా కొట్టేయకండి. రోజూ జరిగే వెతుకులాటల్లో దాదాపు 15 శాతం అంతకుముందు ఎవరూ వెతకనివని గూగులే చెప్పింది.

మన ఊరికి సంబంధించిన సంగతి ఒకటుంది. ఇక్కడి తెలుగు పిల్లలు చాలామంది ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుకున్నారు. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు, అక్షరాలు రావు. వాళ్ళు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడతారు, లేదా మైకు నొక్కి అడుగుతారు. తెలుగు లిపిలో మాత్రమే వెతికి ‘ఎవరూ అడగడంలేదు’ అని తేల్చేస్తే వీళ్ళందరూ లెక్కలోకి రారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు అక్కడి కొండల్లో ఉండే సవరలనే గిరిజనుల భాషని సవరల నోటినుంచే నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి పుస్తకాలు రాశారు. వాడుక మాటలోనే రాయాలని జీవితమంతా పోరాడారు. ఈ పని చేస్తున్నప్పుడు మీరు ఆయన దారిలోనే ఉన్నారని నేను నమ్ముతున్నాను.

మాట వెనక మనిషిని కూడా చూడాలి. ‘బరంపురం పట్టు చీర ధర’ అని కొట్టినావిడ డబ్బు చేతిలో పట్టుకుని ఉంది. ‘అసలు పట్టు ఎలా గుర్తుపట్టాలి’ అని కొట్టినావిడ ఎక్కడో మోసపోయి ఉంటుంది, లేదా మోసపోతానని భయపడుతోంది. ఈ రెండో ఆవిడ కోసం ఒక వీడియో పూర్తిగా చేయండి. కొంగు చివర ఒక్క పోగు లాగి, పళ్ళెంలో పెట్టి అంటించి చూపించండి. పట్టయితే జుట్టు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య పొడి అవుతుంది. పాలియెస్టర్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. పోగు లాగడం ఇష్టంలేనివాళ్ళకి అసలు పట్టని హామీ ఇచ్చే సిల్క్ మార్క్ చీటీ ఎక్కడుంటుందో చూపించండి. ఆ వీడియోలో మన కొట్టు పేరు ఎత్తకండి. ఆవిడ అడిగింది అది కాదు.

కంచి పట్టు అని వెతికేవాళ్ళు ఎక్కువని, ఆ మాట మన చీరకి తగిలించవద్దు. ఆశపడి వచ్చినవాళ్ళు మోసపోయామనుకుని పోతారు, మళ్ళీ రారు. వాళ్ళ మాట పేరులో పెట్టండి, వస్తువు మాత్రం మనదే చూపించండి. ‘గుడంచు పట్టు చీర, టెంపుల్ బోర్డర్: బరంపురంలో ఎలా నేస్తారు’ అని పెట్టి, ఫొడా, కుంభ అన్న మాటలు లోపల నేతగాడి నోటితోనే చెప్పించండి. ఆ మాటలు వెతికేవాళ్ళు కొద్దిమందే ఉంటారు, కానీ మన చీర కోసమే వస్తారు.

పాత పుస్తకాలు ఏడు మిగిలాయి, ఒకదానికి చెద పట్టింది. దసరా సెలవుల్లో రండి, కూర్చుని చదువుదాం. ఈలోగా గుడంచుని జనం ఇంకా ఏయే పేర్లతో వెతుకుతున్నారో రాసి పంపండి. మగ్గాల దగ్గర చదివి వినిపిస్తాను.

మీ తాతయ్య