హెచ్చరిక ప్రగతినగర్‌లో, పరుగు సూర్యలంకలో

హైదరాబాద్‌లో నిజాంపేట దాటి ప్రగతినగర్ వైపు వెళ్తే ఇన్‌కాయిస్ ప్రాంగణం వస్తుంది. పూర్తి పేరు భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం. దేశానికంతటికీ సునామీ హెచ్చరికలు బయల్దేరేది ఇక్కణ్నుంచే. సముద్రానికి దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో, 500 మీటర్లకు పైగా ఎత్తున్న ఊళ్లో కూర్చుని సముద్రానికి కాపలా ఏమిటని కొత్తగా విన్నవాళ్లు నవ్వుతారు. కాపలా కాసేవాడు ముంపులో లేకపోవడమే నయం కదా. 1999లో పుట్టిన ఈ సంస్థకు మొదట్లో చేపలు ఎక్కడ దొరుకుతాయో మత్స్యకారులకు చెప్పడం ఒక ముఖ్యమైన పని. సునామీ బాధ్యత మీద పడింది 2004 తర్వాతే.

ఆ ఏడాది డిసెంబరు 26 ఆదివారం, పౌర్ణమి కూడా. ఉదయం 6.28కి సుమత్రా దగ్గర 9.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. సముద్రగర్భంలో దాదాపు 1,300 కిలోమీటర్ల మేర భూమి పలకలు కలిసేచోట చీలిక వచ్చింది. కార్ నికోబార్‌ను నిమిషాల్లోనే ముంచేసిన అల మన తీరానికి రావడానికి సుమారు రెండున్నర గంటలు పట్టింది. రెండున్నర గంటలంటే తక్కువేమీ కాదు, మంచం మీదున్న ముసలివాళ్లను కూడా మోసుకెళ్లిపోవచ్చు. కానీ ఆ సంగతి చెప్పేవాళ్లు లేరు. మంగినపూడిలో పౌర్ణమి స్నానాలకు దిగిన వాళ్లను అల లాక్కుపోయింది. ఆంధ్ర తీరంలో వందమందికి పైగా, దేశంలో పది వేలకు పైగా ప్రాణాలు పోయాయి.

హవాయిలోని పసిఫిక్ హెచ్చరిక కేంద్రానికి భూకంపం సంగతి పావుగంటలోనే తెలిసింది. అయితే ఆ వ్యవస్థ పసిఫిక్ దేశాల కోసం పెట్టుకున్నది. హిందూ మహాసముద్రానికి అలాంటిది లేదు. నాలుగు రోజులు తిరక్కుండానే, డిసెంబరు 30న, ఇంకో సునామీ రావచ్చని కేంద్ర హోంశాఖ ప్రకటిస్తే తీరం పొడవునా జనం పరుగెత్తారు. ఏ అలా రాలేదు. చెప్పాల్సిన రోజున చెప్పకపోవడం, అక్కర్లేని రోజున చెప్పడం రెండూ ఒకే వారంలో చూశాం. హెచ్చరికంటే జనానికి నమ్మకం ఎందుకు కుదరదో అర్థం కావాలంటే ఈ వారాన్ని గుర్తుచేసుకోవాలి.

అసలు ఇంత ఏమరుపాటు ఎందుకు? మనకు సునామీలు కొత్త కాదు. 1881 డిసెంబరు 31న కార్ నికోబార్ దగ్గర భూకంపం వస్తే ఆ అలలు తూర్పు తీరంలో నమోదయ్యాయి. 1945లో ఇప్పటి పాకిస్తాన్ తీరంలోని మక్రాన్ దగ్గర భూకంపం పుట్టించిన అలలు బొంబాయి దాకా వచ్చాయి. అవేవీ మన ఊళ్ల జ్ఞాపకంలో మిగల్లేదు. మిగిలింది తుపాను తెచ్చే ఉప్పెన. 1864లో బందరులో ముప్పై వేల మంది, 1977 నవంబరు 19న దివిసీమ చుట్టుపక్కల పది వేల మంది. మన సన్నాహాలన్నీ తుపాను చుట్టూనే అల్లుకున్నాయి: దండోరా, లారీల్లో తరలింపు, ఎత్తుగా కట్టిన తుపాను షెల్టర్లు, పులిహోర పొట్లాలు. తుపాను రెండు మూడు రోజుల ముందే కబురు పెడుతుంది. పైన మబ్బు, గాలి కూడా సాక్ష్యం చెబుతాయి. సునామీ నిర్మలమైన ఆకాశం కింద వస్తుంది. నడిసముద్రంలో విమానం వేగంతో పరుగెత్తే అల పైకి అడుగో రెండడుగులో ఉంటుంది, వేటకెళ్లిన వాళ్లకు పడవ కింద నుంచి పోయినట్టే తెలియదు.

2007 అక్టోబరులో హెచ్చరిక కేంద్రం మొదలైంది. పెద్ద భూకంపం వచ్చిన పది నిమిషాల లోపే దాని చోటు, తీవ్రత లెక్కగట్టి, ముందే తయారుచేసుకున్న నమూనాలతో పోల్చి ఏ తీరానికి ఎంత అల వస్తుందో చెబుతారు. రెండు మీటర్లు దాటేలా ఉంటే వార్నింగ్, అంటే ఖాళీ చేయాల్సిందే. అరమీటరు నుంచి రెండు మీటర్లయితే అలర్ట్, ఒడ్డు వదిలేస్తే చాలు. అంతకన్నా తక్కువైతే వాచ్, కనిపెట్టుకుని ఉండడమే. ఈ మూడు మెట్ల విలువ 2012 ఏప్రిల్ 11న తెలిసింది. సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూమి కంపించింది, చెన్నైలో జనం వీధుల్లోకి వచ్చేశారు. పలకలు పక్కకు జరిగాయే తప్ప నీటిని పెద్దగా పైకి ఎత్తలేదు. ఖాళీ చేయాలన్న వార్నింగ్ నికోబార్‌లోని కొద్దిచోట్లకే వెళ్లింది.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. అండమాన్‌లో ఉన్నవాళ్లకు పది నిమిషాల లెక్క కూడా ఆలస్యమే కావచ్చు, నిలబడలేనంతగా భూమి ఊగడమే వాళ్లకు హెచ్చరిక. సుమత్రాకు దగ్గర్లోని సిములూ దీవిలో 1907 నాటి అలను తాతముత్తాతలు కథగా చెప్పి ఉంచారు. 2004లో భూమి ఊగగానే జనం కొండెక్కారు. దాదాపు 78 వేల మందిలో పోయింది ఏడుగురు. మన కోస్తా వాళ్లకు సుమత్రా భూకంపం కాళ్ల కింద తెలియకపోవచ్చు. ఫోన్ చెప్పాలి, లేదా సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయి ఇసుక బయటపడాలి. అలా బయటపడ్డ చేపల కోసం పరుగెత్తి చాలాచోట్ల పిల్లలు పోయారు.

హైదరాబాద్ నుంచి శనివారం రాత్రి రైలెక్కి సూర్యలంకకో చీరాలకో వెళ్లేవాళ్ల గురించే నాకు ఎక్కువ బెంగ. ఊరివాళ్లకు షెల్టర్ ఎటుందో తెలుసు. మనకు లాడ్జి ఒక్కటే తెలుసు. విశాఖలో అయితే కొండ కనిపిస్తుంది, డెల్టాలో అంతా చదునే. లోపలికి రెండు మూడు కిలోమీటర్లు నడవాలి, వీల్లేకపోతే గట్టి కాంక్రీటు మేడ మూడో అంతస్తుకు ఎక్కాలి. కారు తీస్తే అందరూ తీస్తారు, ఒకే రోడ్డు మీద ఇరుక్కుంటారు. మందులు, నీళ్లు, టార్చి, ఆధార్, ఛార్జర్ ఒక్క సంచిలో పెట్టుకుంటే చాలు, గది సర్దుకుంటూ కూర్చోవద్దు. మొదటి అల పోయిందని చెప్పుల కోసం వెనక్కి రావద్దు. తర్వాతి అల దానికన్నా పెద్దది కావచ్చు, గంటల తరబడి వస్తూనే ఉండొచ్చు.

2020లో ఒడిశాలోని వెంకట్రాయిపూర్, నోలియాసాహి గ్రామాలకు యునెస్కో ‘సునామీకి సిద్ధం’ అన్న గుర్తింపు ఇచ్చింది. హిందూ మహాసముద్ర తీరంలో అదే మొదటిసారి. ముంపు పటం, దారి చూపే బోర్డులు, ఊరంతా కలిసి చేసే కసరత్తు ఉంటేనే అది దక్కుతుంది, కొన్నేళ్లకు మళ్లీ పరీక్షకు నిలబడాలి. అన్నట్టు, ఒడిశా తీరంలో నోలియాలని పిలిచేది అక్కడ స్థిరపడిన తెలుగు మూలాల మత్స్యకారులనే.